రెండు మిల్లీమీటర్ల నల్లి: ఒక వానకాలం ప్రాజెక్టు డైరీ

2024 జూన్ 23, ఆదివారం

మొదలుపెట్టేశాం. పన్నెండేళ్లుగా జువాలజీ చెబుతున్నాను. హెమిప్టెరా, అంటే నల్లులున్న కీటక వర్గం, అనగానే బోర్డు మీద నల్లి బొమ్మ గీసి, తొండానికి గీత లాగి పేరు రాసి, తర్వాతి పాఠంలోకి వెళ్లిపోవడమే అలవాటు. ఈసారి ఫైనలియర్ పిల్లలు ఇద్దరు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, ప్రాజెక్టు కావాలని వెంటపడ్డారు. సీతాకోకచిలుకలు వద్దు, తూనీగలు వద్దు, ఎవరూ ముట్టనిది చేద్దాం అన్నాను. ఎవరూ ఎందుకు ముట్టలేదో ఈ సాయంత్రానికే కొంచెం అర్థమైంది. ట్రేలో ఉన్నవాటిలో సగం కంటికి ఆనవు.

మేం వెతికేది నీటి పైపొర మీద నడిచే నల్లుల్ని. నల్లి అంటే ఇంట్లోవాళ్లకి మంచంలో నల్లి, మిరప రైతుకి ఎర్రనల్లి. ఎర్రనల్లి అసలు కీటకమే కాదు, ఎనిమిది కాళ్లది, సాలీడుకి చుట్టం. మావి అచ్చమైన నల్లులు. ఆరు కాళ్లు, తల కింద మడిచి పెట్టుకున్న సూదిలాంటి తొండం. నీళ్లలో మునగవు, నేల మీద స్థిరంగా ఉండవు, రెండింటి మధ్య పలచటి పొర మీద బతుకుతాయి. ఈ గుంపుకి 1971లో రష్యన్ శాస్త్రవేత్త పొపోవ్ జెర్రోమార్ఫా అని పేరు పెట్టాడు. ప్రపంచం మొత్తం మీద ఎనిమిది కుటుంబాలు, రెండు వేలకు పైగా జాతులు. చెరువు మీద పొడుగు కాళ్లతో జారుతూ అందరికీ కనపడేవి వీటిలో జెర్రిడే అనే ఒక కుటుంబం మాత్రమే.

సామాను: తెల్ల ఎనామిల్ ట్రే ఒకటి, దోమతెర గుడ్డతో మేమే కుట్టుకున్న వల ఒకటి, స్టీలు టీ జల్లెడలు రెండు, చిన్న గాజు సీసాలు, ల్యాబ్ స్పిరిట్‌లో డిస్టిల్డ్ వాటర్ కలిపి 75 శాతానికి తెచ్చిన ఆల్కహాలు. అన్నిటికంటే పనికొచ్చింది టీ జల్లెడ. వల విసిరితే నీళ్లు కదిలి పెద్దవన్నీ పారిపోతాయి. జల్లెడ మాత్రం ఒడ్డున గడ్డి మొదట్లోకి మెల్లగా దూరుతుంది.

మొదటి చోటు మా ఊరి చెరువు, నర్సంపేట వైపు. రెండు గంటల్లో నాలుగు సీసాలు నిండాయి. పాకాల అభయారణ్యం దగ్గరే ఉన్నా అటు పోలేదు. అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ పురుగుల్ని పట్టకూడదు.

జూలై 7

కాలేజీ మైక్రోస్కోపు ఒక కన్ను బూజు పట్టింది. రెండో కంటితో నెట్టుకొస్తున్నాం.

కుటుంబాలు విడదీయడానికి ఇవాళ మాకు దారి చూపింది గోళ్లు. ఒక్కో పురుగునీ గ్లిజరిన్ చుక్కలో పడుకోబెట్టి కాలి కొస చూడాలి. గోళ్లు సరిగ్గా చివర ఉంటే ఒక వరస. చివరికంటే కొంచెం వెనక, కాలి పక్క నుంచి మొలిస్తే ఇంకో వరస. జెర్రిడే, వీలియిడే అనే రెండు కుటుంబాల్లోనూ గోళ్లు వెనక్కి ఉంటాయి. కాలి కొసతో నీటి పొరని నొక్కుతూ నడిచేవాటికి కొసనే గోరుంటే పొర చిరుగుతుంది కదా, అని అబ్బాయి అన్నాడు. పుస్తకంలో చదివి చెప్పలేదు, చూసి చెప్పాడు. నాకు ముచ్చటేసింది.

చెరువులో ఇప్పటిదాకా తేలినవి:

లిమ్నోగోనస్, జెర్రిడే కుటుంబం. నల్లగా మెరిసే వీపు, మెడ దగ్గర రెండు పసుపు చారలు. మన దగ్గర నిటిడస్, ఫొస్సారం రెండూ దొరుకుతాయి, నిటిడస్ కాస్త చిన్నది. రెండూ ఉన్నాయని అనుకుంటున్నాం. పిల్ల పురుగుల్ని మాత్రం వేరు చేయలేకపోయాం.

మిసోవీలియా విట్టిగెరా. గుర్రపుడెక్క ఆకుల మీద, అంతరతామర మీద. లేత ఆకుపచ్చ, మూడు మిల్లీమీటర్లు అటూఇటూ, తొడల మీద నల్లటి ముళ్లు. గోళ్లు కొసనే. ఆడపురుగు గుడ్లని మొక్క కండలోకి గుచ్చి పెడుతుంది. అందుకే మొక్క లేని నీళ్లలో మాకు ఒక్కటీ కనపడలేదు.

హైడ్రోమెట్రా. దీన్ని ముందు అమ్మాయి చీపురుపుల్ల ముక్క అనుకుని ట్రేలోంచి తీసి పారేయబోయింది. ఒళ్లంతా పుల్లే. తల కూడా పొడుగు, కళ్లు తలకి ముందూ కాకుండా వెనకా కాకుండా మధ్యలో ఎక్కడో పెట్టినట్టుంటాయి. అడుగు తీసి అడుగు వేయడానికి ఒక యుగం పడుతుంది. కానీ పైకొచ్చిన దోమ పిల్లని తొండంతో గుచ్చడంలో మాత్రం ఆలస్యం లేదు.

ఇవి కాక ఒక కుప్ప మిగిలింది. రెండు మిల్లీమీటర్లు కూడా లేని నల్లటి నలుసులు, రెక్కల్లేవు. 'జెర్రిడే, పిల్లలు' అని రాసి పక్కన పెట్టాం.

జూలై 28

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మొదటి రోజు నాలుగు సీసాల్లో వేసిన లేబుళ్లు బాల్‌పెన్‌తో రాశాను. ఇవాళ తీసి చూస్తే కాగితాలు తెల్లగా ఉన్నాయి, స్పిరిట్ లేత నీలంగా ఉంది. సిరా మొత్తం కరిగిపోయింది. ఏ సీసా తూము దగ్గరిదో, ఏది మత్తడి దగ్గరిదో, ఏది తామరల్లోదో చెప్పలేం. పిల్లలకి 'లేబుల్ పెన్సిల్‌తోనే రాయాలి' అని క్లాసులో చెప్పేది నేనే.

అబ్బాయి అన్నాడు, 'మేడమ్, అన్నీ మన చెరువువే కదా, చెరువు అని రాసేద్దాం.' రాసేయొచ్చు. కానీ తామరల్లో మాత్రమే ఉందా, చెరువంతా ఉందా అన్నదే కదా మనం అడుగుతున్న ప్రశ్న. ఆ నాలుగు సీసాల్నీ గుర్తుపట్టడం నేర్చుకోవడానికి వాడుకుందాం అని పక్కన పెట్టాం. లెక్కలోకి రావు.

ఇక నుంచి పద్ధతి ఇది: హెచ్‌బీ పెన్సిల్, మందపాటి కాగితం, లేబుల్ సీసా లోపలే. సీసా మీద అంటించిన కాగితం ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది. ప్రింటర్‌తో తీసిన అక్షరాలు కూడా స్పిరిట్‌లో పొట్టులా లేచిపోతాయని చూశాం, పరీక్షగా ఒకటి వేసి.

ఆగస్టు 25

ఇవాళ చిన్నాయన పొలం. నాటు వేసి నెల దాటింది. దుబ్బులు కట్టాయి, మడిలో నాలుగు వేళ్ల నీళ్లు. గట్టు మీద కూచుని చూస్తుంటే దుబ్బుల మధ్య నీటి మీద ఏవో నలుసులు గుంపుగా కదులుతున్నాయి. చెరువులో 'జెర్రిడే పిల్లలు' అని రాసి పక్కన పెట్టినలాంటివే.

చిన్నాయన వచ్చి నిలబడ్డాడు. 'గా పురుగులను పట్టుకొని ఏం జేస్తవు బిడ్డా?'

'ఇవి మంచివో చెడ్డవో చూస్తున్న చిన్నాయనా.'

'మరి మందు కొట్టాల్నా వద్దా, గది జెప్పు.'

దానికి జవాబు నా దగ్గర లేదు. ఆయన వెళ్లిపోయాక అమ్మాయి ఒక మాట అంది, దానితో రోజంతా తిరగబడిపోయింది. 'మేడమ్, చెరువులో పెద్దవి పడవ తెడ్డు వేసినట్టు నడికాళ్లు రెండూ ఒకేసారి తోస్తాయి కదా. ఇవి చీమలా పరుగెత్తుతున్నాయి.'

నిజమే. గట్టు మీద బోర్లా పడుకుని చూశాను. ఒక పక్క ముందు, వెనక కాళ్లూ, ఇంకో పక్క నడికాలూ కలిసి ఒక అడుగు. మిగతా మూడూ ఇంకో అడుగు. నేల మీద చీమ నడిచే నడకే నీటి మీద నడుస్తోంది. జెర్రిడే పిల్లలు కూడా పెద్దవాటిలాగే తెడ్డు వేయాలి. ఇవి వేయడం లేదు.

ఇంటికొచ్చి రాత్రి పదకొండు దాకా మైక్రోస్కోపు. ఒకదాన్ని వెల్లకిలా పెట్టి వెనక కాలి పాదం దగ్గర సూదితో కదిపాను. పాదంలో ఒక కీలు. అంటే రెండు ముక్కలు. పిల్ల పురుగులకి పాదం ఒకే ముక్క. ముందు కాలు చూశాను, ఒకే ముక్క. నడికాలు, రెండు. ముందు ఒకటి, వెనక రెండు జతలకీ రెండేసి. తల మీద నడిమధ్యన పైనుంచి కిందికి సన్నటి గాడి. వెనక తొడ పొట్ట చివరిదాకా కూడా పోలేదు. ఇది జెర్రిడే కాదు, పిల్లా కాదు. వీలియిడే కుటుంబం, మైక్రోవీలియా ప్రజాతి, పూర్తిగా ఎదిగిన పురుగు. రెక్కలే లేవు, అంతే. మగవాటిలో ముందు కాలి పిక్క లోపలి అంచున దువ్వెన పళ్లలాంటి వరస కూడా కనపడింది. ఆడదాన్ని పట్టుకోవడానికట అది.

రెండు నెలలుగా పెద్దవాళ్లని పట్టుకుని పిల్లలు అని రాస్తున్నాం.

ఆగస్టు 27

ఒక రెక్కల మైక్రోవీలియా కూడా ఆ సీసాలోనే దొరికింది. ముదురు రెక్కల మీద తెల్లటి మచ్చలు. దాన్నిబట్టి డగ్లసి జాతి అని రాసుకున్నాం. ఆసియా వరి మడుల్లో విరివిగా కనపడేది ఇదే. ఒకే జాతిలో రెక్కలున్నవీ రెక్కల్లేనివీ పక్కపక్కనే ఉండటం ఈ గుంపుకి మామూలు. నీళ్లు ఉన్నంతకాలం రెక్కల్లేనివి గుడ్లు పెట్టి సంతతి పెంచుతాయి. మడి ఎండితే మాత్రం ఎగిరి పోగలిగేవే మిగులుతాయి. ఏడాదికోసారి ఎండిపోయే మడిలోకి ప్రతి వానకాలం ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయి అన్నదానికి ఈ ఒక్క రెక్కల పురుగే మాకున్న ఆధారం.

సెప్టెంబర్ 8

చవితి మర్నాడు. పోయిన వారం సంగతి రాయాలంటే చెయ్యి రావట్లేదు. ఆగస్టు 31, సెప్టెంబర్ 1 వానలకి ఆకేరు, మున్నేరు పొంగాయి. కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. మా ఊళ్లో చెరువు కట్ట నిలిచింది, కానీ మత్తడి రెండు రోజులు దూకింది. చిన్నాయన పొలంలో కింది మడి ఇసుక మేట వేసింది.

ప్రాజెక్టు గురించి ఆలోచించడం అన్యాయంగా అనిపించింది. అయినా ఆదివారం కదా అని చెరువు దగ్గరికి పోయాం. గుర్రపుడెక్క మొత్తం ఒక మూలకి కొట్టుకొచ్చి గుట్టగా పడింది. మిసోవీలియా ఆ గుట్టలోనే ఉంది, ఇంకెక్కడా లేదు. లిమ్నోగోనస్‌లు అలుగు కింద గుంటల్లో. వాగు నీళ్లు ఎర్రగా ఉన్నాయి, జల్లెడకి బురదే తగిలింది.

రాత్రి ఇంటి వరండాలో ట్యూబ్‌లైటు కింద నీళ్ల బకెట్ ఉంది. దాంట్లో నాలుగు నలుసులు పరుగెత్తుతున్నాయి. నాలుగూ రెక్కల మైక్రోవీలియాలే. ఈ వారంలో నాకు కాస్త సంతోషం కలిగించినవి ఇవి.

సెప్టెంబర్ 22

సుడిదోమ మొదలైంది. కుట్టే దోమ కాదు, వరి దుబ్బు రసం పీల్చే పురుగు. చిన్నాయన ఫోను: 'దుబ్బుల మొదట్ల దోమ కనవడ్తంది, నీ పురుగులేమన్న తింటయా?'

తింటాయి. అది నేను ఇప్పుడు కళ్లారా చూశాను కాబట్టి ధైర్యంగా చెప్పాను. దుబ్బుని ఒకసారి తడితే సుడిదోమ పిల్లలు నీళ్లలో రాలతాయి. రాలిన చోట నీటి పొర వణుకుతుంది. ఆ వణుకుకి మైక్రోవీలియా పక్కనే ఉంటే పరుగెత్తుకొస్తుంది. ఒకటి వచ్చి తొండం దించింది, దాని వెనక ఇంకో రెండు. రెండు మిల్లీమీటర్ల పురుగు తనకంటే మరీ చిన్నది కాని దోమ పిల్లని ఒక్కటే పట్టి ఉంచలేక జారవిడుస్తోంది, మూడు కలిస్తే విడవట్లేదు. వరి పరిశోధకులు వీటిని సుడిదోమకి సహజ శత్రువులుగా ఎప్పటినుంచో రాస్తున్నారు. చేతిలో వాచీ పెట్టుకుని చూడటం వేరు.

కానీ ఈ మాట చెప్పి ఆయన్ని మందు కొట్టొద్దనడం నా పని కాదు. దోమ మరీ ఎక్కువైతే ఈ నలుసులు ఆపలేవు. ఆ సంగతి దాచకుండా చెప్పాను. 'అవసరం లేకుండా ముందే కొడితే దోమ కంటే ముందు ఇవి చస్తయి' అని మాత్రం అన్నాను. ఆయన వ్యవసాయ అధికారిని అడిగి, దోమ ఉన్న రెండు మడుల్లోనే కొట్టాడు. మిగతా మూడు వదిలేశాడు. వదిలేసిన మడులు మా తర్వాతి నమూనా.

సెప్టెంబర్ 29

ఇవాళ పొలానికి పోలేదు, పళ్లెం ముందు కూచున్నాం. గాజు పళ్లెంలో నీళ్లు, మధ్యలో నిలబెట్టిన ఒక ఆకు తొడిమ. ఆకు తొడిమని అంటుకున్న చోట నీళ్లు పైకి వంపు తిరిగి ఉంటాయి. మనకి అది గీత. రెండు మూడు మిల్లీమీటర్ల పురుగుకి అది నున్నటి కొండవాలు. పరుగెత్తి ఎక్కబోతే జారిపోతుంది.

మిసోవీలియా పరుగెత్తి రెండుసార్లు జారింది. మూడోసారి వాలు మొదట్లో ఆగింది. ముందు కాళ్లు చాపి గోళ్లతో నీటి పొరని పైకి పట్టి లాగింది, నడికాళ్లు కిందికి అదిమింది, వెనక కాళ్లతో కూడా పొరని పైకెత్తింది. అలా బిగదీసుకుని కదలకుండా ఉండిపోయింది. కాళ్లు ఆడించలేదు. దానంతట అదే వాలు మీదికి జారుకుంటూ పోయి ఆకు అంచుకి తగిలింది. కొండ మీదికి జారడం!

తలతన్యత చేసే పని ఇది. పైకి వంగిన పొర, పురుగు లాగి ఎత్తిన పొర ఒకదాన్నొకటి దగ్గరికి లాక్కుంటాయి, పాల మీద మీగడ తునకలు గిన్నె అంచుకి చేరినట్టు. 2005లో అమెరికాలో ఎంఐటీలో హూ, బుష్ అనే ఇద్దరు దీన్ని లెక్కలతో సహా విడమరిచి చూపించారు. గోళ్లు కొసనే ఎందుకున్నాయో జూలైలో అబ్బాయి మాటతో లేచిన ప్రశ్నకి సగం జవాబు ఇక్కడ దొరికింది: పొరని చిరగకుండా నొక్కేవాడికి గోరు వెనక్కుంటే మేలు, పొరని పట్టి లాగేవాడికి ముందుంటే మేలు.

మైక్రోవీలియా దగ్గర ఇంకో విద్య ఉంది. వెనక నుంచి సూదితో బెదిరిస్తే మామూలు పరుగు కంటే చాలా వేగంగా, కాళ్లు కదపకుండా ముందుకు దూసుకుపోయింది. తొండం లోంచి వెనక్కి లాలాజలం వదులుతుందట. అక్కడ నీటి పొర బిగువు తగ్గి, ముందున్న బిగువైన పొర దాన్ని లాక్కుపోతుంది. సబ్బు ముక్క కట్టిన కాగితం పడవ చిన్నప్పుడు ఆడినవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు.

అక్టోబర్ 11

నిన్న సద్దుల బతుకమ్మ. రాత్రి చెరువులో వదిలిన తంగేడు, గునుగు ఇవాళ పొద్దున ఒడ్డు వారన తెట్టెగా తేలుతున్నాయి. అత్తయ్య చూసి నవ్వుతుండగానే జల్లెడ పట్టుకుని దిగాను. పువ్వుల మీద మిసోవీలియాలు, ఆకుల మీద ఎలా తిరుగుతాయో అలాగే. నిన్నటిదాకా ఆ చోట నీళ్లు తప్ప ఏమీ లేదు. ఒక్క రాత్రిలో వచ్చి చేరాయి. పక్కనే తామరల్లోంచి నడిచి వచ్చి ఉంటాయి, వీటిలో ఒక్కదానికీ రెక్కల్లేవు.

సీసా 31. లేబుల్ మీద 'బతుకమ్మ పూల తెట్టె' అని రాశాను. ఆవాసం గడిలో ఇంతకంటే సరైన మాట లేదు.

అక్టోబర్ 16

దసరా సెలవుల్లో పిల్లలిద్దరితో, వాళ్లింట్లో ఒప్పించి, విశాఖ మీదుగా అనంతగిరి కొండలకి పోయొచ్చాం. చెరువులు, మడులు తప్ప చూడని మాకు పారే నీళ్లు కావాలి. కిరండూల్ ప్యాసింజర్‌లో సొరంగాలు లెక్కపెట్టడం పదిహేడు దగ్గర ఆపేశాం. రిజర్వు ఫారెస్టులోకి పోలేదు. రోడ్డు పక్క ఊరివాళ్లని అడిగి, వాళ్లు బట్టలుతికే గెడ్డలోనే దిగాం. మేం వాగు అంటే వాళ్లు గెడ్డ అంటారు.

చెరువు మీద ఉన్నవి ఇక్కడ ఒక్కటీ లేవు. రాళ్ల మధ్య నీళ్లు నురుగెత్తే చోట, ప్రవాహానికి ఎదురుగా, ఉన్నచోటే ఉండి ఈదుతున్నట్టు నల్లటి గుంపు. జల్లెడ పెడితే చెదిరి మళ్లీ అదే చోటికి. మనిషి నిలబడితే కాలు తీసేసే వేగం అది. నాలుగు మిల్లీమీటర్లు లేని పురుగు దాంట్లో నిలబడింది.

రాగోవీలియా. ఇది కూడా వీలియిడేనే, మైక్రోవీలియాకి దాయాది. గదికొచ్చి ఒకదాన్ని నీళ్ల చుక్కలో పెట్టి క్లిప్ లెన్స్ తగిలించిన ఫోనులోంచి చూశాం. నడికాలి చివరి ముక్క నిలువునా చీలి ఉంది. ఆ చీలికలోంచి, కాలు నీళ్లలో దిగగానే, ఈకలతో చేసిన విసనకర్ర విచ్చుకుంది. కాలు బయటికి తీయగానే ముడుచుకుని చీలికలోకి వెళ్లిపోయింది. అమ్మాయి ఆ వీడియో ఇరవైసార్లు చూసింది. 2017లో ఫ్రాన్స్‌లో లియోన్ పరిశోధకులు ఈ విసనకర్ర పెరగడానికి కారణమైన ఒక జన్యువుని పట్టుకుని, దానికి గీషా అని పేరు పెట్టారు, జపాన్ నర్తకుల చేతి విసనకర్రని తలుచుకుని. ఆ జన్యువు పని చేయకుండా చేస్తే విసనకర్ర సరిగ్గా రాలేదు, పురుగు వేగంగా పారే నీళ్లలో నిలవలేకపోయింది.

ఒకే కుటుంబంలో ఒకటి కదలని మడిలో చీమలా నడిచేది, ఇంకొకటి గెడ్డలో తెడ్డు వేసేది. కాలి చివర ఒక్క పరికరంతో బతికే చోటే మారిపోయింది.

నీడగా ఉన్న మడుగులో పసుపు నలుపు చారల మెట్రోకోరిస్ కూడా దొరికింది. నీళ్లు చిమ్మే బండ మీద, తడి నాచులో, ముఖమల్ గుడ్డ తునకలాంటిది ఒకటి, రెండు మిల్లీమీటర్లు. హెబ్రిడే కుటుంబం అన్నంతవరకు నమ్మకం, తల కింద తొండం పడుకునే గాడి ఉంది. ప్రజాతి తేలలేదు. సీసా 41.

నవంబర్ 24

నెల రోజులు పరీక్షలు. ఇప్పుడు పటం.

ఏ పురుగు ఎక్కడ అని జిల్లాలవారీగా పటం గీద్దామని కూచుంటే పురుగుల కంటే పేర్లే ఎక్కువ ఏడిపించాయి. భారతదేశపు నల్లుల మీద తొలి పెద్ద పని చేసినవాడు ఇంగ్లండ్ కీటక శాస్త్రవేత్త డిస్టాంట్, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో. బ్రిటిష్ ఇండియా జంతుజాలం సంపుటాల్లో మా గుంపు గురించి ఆయన రాసినవి 1904లో, 1910లో వచ్చాయి. కలకత్తా, సిలోన్, బర్మా పేర్లు తిరిగి తిరిగి వస్తాయి. అక్కడ పురుగులు ఎక్కువని కాదు, పట్టేవాళ్లు అక్కడ ఉండేవాళ్లు. దేశంలోని జంతుజాతుల్ని నమోదు చేసే జువలాజికల్ సర్వే 1916లో మొదలైంది. దాని తొలి డైరెక్టర్ అన్నండేల్ కలకత్తా మ్యూజియం ఆవరణలోని చెరువునే ఎన్నోసార్లు గాలించాడు. మ్యూజియం పక్కన చెరువుంటే ఆ చెరువు పటంలోకి ఎక్కుతుంది. నర్సంపేట చెరువు ఎక్కదు.

తర్వాత 2014కి ముందు అచ్చయిన జాబితాలు. జాతి పేరు పక్కన 'ఆంధ్రప్రదేశ్' అని ఉంటుంది. అది వరంగలా, అరకా? కొండ గెడ్డా, కాకతీయుల నాటి చెరువా? ఆ ఒక్క మాటలో తేలదు. తూర్పు కనుమల గెడ్డలో పట్టిన పురుగుని ఎవరైనా ఆ మాట చూసి తెలంగాణ లెక్కలో వేయొచ్చు, ఇక్కడిదాన్ని అక్కడ వేయొచ్చు. రాష్ట్రం మాట వదిలేయండి, మా జిల్లా సంగతి చూడండి: వరంగల్ రూరల్ 2021లో వరంగల్ అయింది, వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది. అనంతగిరి 2022 దాకా విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. పురుగు కదల్లేదు, లేబుల్ కదిలింది.

కుటుంబాల పేర్లూ అంతే. డెన్మార్క్ శాస్త్రవేత్త ఆండర్సన్ 1982లో ఈ గుంపు మొత్తానికి వేసిన వంశవృక్షమే ఇప్పటికీ ఆధారం. కానీ డీఎన్‌ఏ చూసి చేసిన తర్వాతి పనుల్లో వీలియిడే ఒకే కుదురుది కాదేమో అన్న ఫలితం వస్తోంది. అంటే మైక్రోవీలియా, రాగోవీలియా దాయాదులు అని నేను అక్టోబర్‌లో రాసినది రేపు కొట్టేయాల్సి రావచ్చు. పిల్లలు దీనికి టెన్షన్ పడ్డారు, 'మరి వైవాలో ఏం చెప్పాలి మేడమ్' అని. ఇదే చెప్పండి అన్నాను.

డిసెంబర్ 15

పొలాలు కోతలయ్యాయి. చిన్నాయన మందు కొట్టని మూడు మడుల్లో మైక్రోవీలియా చివరిదాకా కనపడింది. కొట్టిన రెండింట్లో కొట్టాక వారం దాకా ఒక్కటీ లేదు, తర్వాత గట్టు వారన మళ్లీ కొన్ని. ఐదు మడులతో ఇంతకంటే ఏమీ అనలేం, అని రిపోర్టులో అమ్మాయే రాసింది. దిగుబడి సంగతి చిన్నాయనని అడిగితే, 'నీ పురుగులు తిన్నది పోను మంచిగనే వచ్చింది' అన్నాడు.

సీసా 41 హైదరాబాద్ అత్తాపూర్‌లోని జువలాజికల్ సర్వే మంచినీటి జీవశాస్త్ర కేంద్రానికి పట్టుకుపోవాలి. అక్కడ సరిపోల్చుకోవడానికి నమూనాలున్నాయి.

అబ్బాయి నిన్నటి నుంచి పాత లేబుళ్లన్నీ తిరగరాస్తున్నాడు. జిల్లా పేరు ఉంచుతున్నాడు, దాని కింద అక్షాంశం, రేఖాంశం కలుపుతున్నాడు. బాల్‌పెన్ సీసాలు నాలుగూ అలమార చివర ఉన్నాయి. వాటిలోకి ఏం రాయాలని అడిగాడు. 'మా ఊరి చెరువు, 17.9 ఉత్తరం, 79.8 తూర్పు, 2024 జూన్ 23, ఏ మూలో తెలియదు' అని రాయమన్నాను. పెన్సిల్ చెక్కుకుని రాశాడు.